మన నీళ్లు, మన ఎండ, ప్లాటినం డెవలపర్

(నల్లగొండలో ఫొటోగ్రాఫర్ల శిక్షణ తరగతిలో మధ్యాహ్నం ఇచ్చిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినం. తడబాట్లు తీసేసినం, మాట తీరు మాత్రం మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్లకు వినబడుతుందా? ఆ కిటికీ పక్క ఫ్యాను జర తగ్గియ్యండి, కాగితాలు ఎగిరిపోతున్నయి. ఆఁ, చాలు.

పొద్దున ప్లాటినం ప్రింటు, అంటే వెండికి బదులు ప్లాటినం లోహంతోటి కాగితం మీద ఫొటో దింపుడు, దాని కాగితం గురించి, కాగితం మీద మందు పూసే కోటింగ్ గురించి చెప్పుకున్నం. ఇప్పుడు డెవలపర్, అంటే వెలుతురు చూపించినంక బొమ్మ కనబడెటందుకు పోసే ద్రావణం. చాలామంది అనుకునేది ఏందంటే, ప్లాటినం ప్రింటుల కష్టమంతా కోటింగ్‌దే, డెవలపర్ ఏముంది, పొయ్యాలె, తియ్యాలె, అంతే గదా అని. నిజమే, పని నిమిషంల అయిపోతది. కానీ ఆరు నెలల కింద చేసిన ప్రింటు లెక్క ఇవ్వాళ ఎందుకు వస్తలేదు? కాగితం అదే, నెగెటివ్ అదే, ఎక్స్‌పోజర్ అదే. మరి మారింది ఏంది? పదిట్ల ఎనిమిదిసార్లు మారింది డెవలపర్ బాటిల్లనే ఉంటది. మన దగ్గరైతే అది మారెటందుకు రెండు కారణాలు ఊరూరా ఉన్నయి. ఒకటి నీళ్లు, ఇంకోటి ఎండ.

ముందుగాల ఇది ఏం పని చేస్తదో చూద్దాం. సిల్వర్ ప్రింట్లు చేసినోళ్లు ఎంతమంది ఉన్నరు ఇక్కడ? చేతులెత్తండి. మంచిది. మీకు డెవలపర్ అనంగనే మెటాల్, హైడ్రోక్వినోన్ గుర్తొస్తయి. అక్కడ డెవలపరే వెండిని బయటికి తీస్తది. ఇక్కడ అట్ల కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మిగిలినదంతా దీనిమీదనే నడుస్తది. ప్లాటినం ప్రింటుల లోహాన్ని బయటికి తీసేది డెవలపర్ కాదు, ఇనుము.

కాగితం మీద ప్లాటినం లవణంతోటి కలిపి పూసింది ఫెర్రిక్ ఆక్సలేట్, అంటే ఒక ఇనుము లవణం. దానికి అతినీలలోహిత కిరణాలు తగిలితే ఫెర్రస్ ఆక్సలేట్ అయితది. ఎంత వెలుతురు పడితే అంత ఫెర్రస్. ఈ ఫెర్రస్ ఇనుము దగ్గర ప్లాటినానికి ఇచ్చెటందుకు ఎలక్ట్రాన్ ఉన్నది. కానీ ఇవ్వలేదు. ఎందుకు? ఫెర్రస్ ఆక్సలేట్ నీళ్లల్ల కరగదు. పక్కనే ప్లాటినం లవణం ఉన్నా, ఇద్దరూ ఎక్కడోళ్లు అక్కడ్నే కూర్చుంటరు. మన డెవలపర్, అంటే పొటాషియం ఆక్సలేట్, పోసినం అనుకోండి, ఫెర్రస్ ఆక్సలేట్ దాంట్ల కరుగుతది. కరిగిన ఆ క్షణంలనే ప్లాటినానికి ఎలక్ట్రాన్ ఇస్తది. ప్లాటినం నల్లటి లోహమై కాగితం పోగులల్ల దిగబడుతది. డెవలపర్ పెండ్లి కుదిర్చేటోడు మాత్రమే, పెండ్లికొడుకు కాదు.

దీంతోటి మనకు ఏం తెలుస్తది? ఇది సిల్వర్ డెవలపర్ లెక్క బలం అయిపోయేది కాదు. ఎక్కువసేపు ఉంచితే ప్రింటు ఎక్కువ నల్లగ కాదు. నిమిషంన్నర ఉంచినా, మూడు నిమిషాలు ఉంచినా ఒక్కటే. ట్రే ఊపుడు ఎక్కువైనా తక్కువైనా ఒక్కటే. మరి ఫలితాన్ని మార్చేటివి ఏంటియి? వేడి. పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత. బాటిల్ల ఇదివరకే ఏమేం కరిగి ఉన్నయో అది. ఇగ ఏ నీళ్లతోటి కలిపినమో అది. ఈ నాలుగే.

సరే, కలుపుడు. పొటాషియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ 1 కిలో, వేడి నీళ్లు 3 లీటర్లు. ఎక్కువమంది వాడేది ఈ లెక్కనే. సాధారణ గది వేడికి ఇది దాదాపు ఇంక కరగనంతగ నిండిన ద్రావణం. మన దగ్గర డిసెంబర్, జనవరి రాత్రుళ్లు చలికి బాటిల్ అడుగున తెల్లటి సూదుల లెక్క స్ఫటికాలు కడతయి. భయపడకండి, అది ఖరాబు కాలేదు. బాటిల్ని వేడి నీళ్లల్ల పెట్టి ఊపితే మళ్లీ కరుగుతది. కానీ అవి అడుగుననే ఉండంగ పైన తేటను ఒంపుకొని వాడిండ్రనుకోండి, ఆ రోజు పలుచటి డెవలపర్ తోటి చేసినట్టే. అందుకని లీటరు ద్రావణానికి 300 గ్రాములు పెట్టుకుంటే మేలు. అది కూడా గట్టి చలికి కొంచెం పడొచ్చు, కానీ తొందరగ కరుగుతది.

తయారు పొటాషియం ఆక్సలేట్ దొరకకపోతే? హైదరాబాద్‌ల ల్యాబ్ కెమికల్ దుకాణాలల్ల కొన్నిసార్లు ఉంటది, కొన్నిసార్లు ఉండదు. అప్పుడు మనమే చేసుకోవచ్చు. రాసుకోండి. ఆక్సాలిక్ ఆసిడ్ డైహైడ్రేట్ 342 గ్రాములు, నీళ్లు లేని పొటాషియం కార్బొనేట్ 375 గ్రాములు. ఈ రెండూ కలిస్తే 500 గ్రాముల పొటాషియం ఆక్సలేట్‌కు సమానం. ఒక లీటరు వేడి నీళ్లు పెద్ద ప్లాస్టిక్ బకెట్‌ల పోసి, ముందు ఆక్సాలిక్ ఆసిడ్ పూర్తిగ కరిగించండి. తర్వాత కార్బొనేట్ చెంచా చెంచా వెయ్యండి. ఒక్కసారే కుమ్మరిస్తే నురుగు పొంగి బకెట్ దాటి నేలమీదికొస్తది, పాలు పొంగినట్టు. సగం కార్బొనేట్ పడ్డంక తెల్లటి పొడి దిగుతది. తప్పు చేసినమని చాలామంది అక్కడ ఆపేస్తరు. ఆపకండి. అది సగం దారిల తయారయ్యే పొటాషియం హైడ్రోజన్ ఆక్సలేట్, సరిగ్గ కరగదు. మిగిలిన కార్బొనేట్ వేస్తున్నకొద్దీ అదే కరిగిపోతది. బుసబుస ఆగినంక పీహెచ్ చూసి, మొత్తం ఒకటిన్నర లీటరు పైన కొంచెం వచ్చేదాక నీళ్లు పోసుకోండి.

ఒక మాట. మార్బుల్ పాలిష్ చేసేటోళ్ల దగ్గర కిలోల లెక్కన అమ్మే ఆక్సాలిక్ ఆసిడ్ తోటి చెయ్యకండి. అది నేల రుద్దెటందుకు మంచిదే. దాంట్ల ఏమేం కలిసి ఉన్నయో ఎవరూ చెప్పరు. మన కోటింగ్‌ల ఒక్కొక్క చుక్క ప్లాటినం ధర తలుచుకుంటే, ల్యాబ్ రకం ఆసిడ్‌కు పెట్టే పైసలు పైసలే కావు.

ఆక్సలేట్లు విషం. కడుపుల పడితే మూత్రపిండాలకు దెబ్బ. పొడి తూకం వేసేటప్పుడు మాస్కు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్. టీ గ్లాసు ఆ బల్ల మీద పెట్టొద్దు. పెడతరు, చూస్తనే ఉన్నం గదా.

ఇప్పుడు నీళ్లు. దీని మీద కొంచెం సేపు ఆగుతా, ఎందుకంటే పుస్తకాలల్ల ఉండేది వేరే దేశం నీళ్లు. మన కింద ఉన్నది గ్రానైటు. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి నల్లగొండోళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. కానీ ప్రింటుకు చేటు చేసేది ఫ్లోరైడ్ కాదు. లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ మన పనికి ఏమీ కాదు. చేటు చేసేటియి రెండు. ఒకటి కాల్షియం, ఇంకోటి బైకార్బొనేట్.

కాల్షియం సంగతి చూడండి. కాల్షియం, ఆక్సలేట్ కలిస్తే ఏమైతది? కాల్షియం ఆక్సలేట్, ఎంతకీ కరగని తెల్లపొడి. డాక్టర్లు కిడ్నీల రాయి అని చూపించేది ఎక్కువ భాగం ఇదే. గట్టి బోరు నీళ్లు తీసుకుందాం, లీటరుకు 400 మిల్లీగ్రాముల కఠినత్వం, అంతా కాల్షియమే అనుకుందాం. ఆ నీళ్లతోటి లీటరు డెవలపర్ కలిపితే సుమారు అర గ్రాము పైన తెల్లపొడి పడుతది. పోయిన ఆక్సలేట్ లెక్కల్లకు రాదు, 300 గ్రాములల్ల అదెంత? కానీ ఆ పొడి చాలా సన్నటిది. మామూలు ఫిల్టర్ పేపర్‌ల నుంచి కొంత జారిపోతది. ప్రింటు ఆరినంక నీడల మీద బూడిద చల్లినట్టు కనబడుతది. మంచి నల్ల రంగు రాలేదని ఎక్స్‌పోజర్ పెంచుతరు, కోటింగ్ పెంచుతరు. నలుపు వచ్చింది, పైన సున్నం కూర్చున్నది, అంతే.

బైకార్బొనేట్ వల్ల నీళ్ల పీహెచ్ ఎనిమిది దాకా ఉంటది. దాని సంగతి పీహెచ్ దగ్గర చెప్తా.

మరి ఏ నీళ్లు? ఇన్వర్టర్ బ్యాటరీలల్ల పోసే డిస్టిల్డ్ వాటర్, 5 లీటర్ల క్యాన్లు ఏ బ్యాటరీ షాపుల అడిగినా దొరుకుతయి. డెవలపర్‌కు అవే. 3 లీటర్లే గదా, ఒక్కసారి కలిపితే ఏండ్లు నడుస్తది. కడిగే తొట్లకు ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు చాలు. అయితే ప్లాంటు ప్లాంటుకు తేడా ఉంటది. కొందరు రుచి కోసమని మామూలు నీళ్లు కలుపుతరు. నీళ్లల్ల కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ చిన్నది కొనుక్కొని చూడండి, 50 లోపల ఉంటే నిశ్చింత. ఏసీ నుంచి కారే నీళ్లు వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతరు. వద్దు. డిస్టిల్డ్ నీళ్ల లెక్కనే కనబడుతయి గానీ రాగి గొట్టాల మీంచి, దుమ్ము మీంచి, పాకుడు మీంచి వస్తయి. రాగి తునక పడ్డ డెవలపర్‌ల ప్లాటినం కాగితం మీద కాకుండ రాగి మీద దిగుతది.

అదే కారణానికి ఇనుము, జింకు, రాగి, అల్యూమినియం ఏదీ డెవలపర్‌ను తాకొద్దు. స్టీలు గిన్నెల పోసి పొయ్యి మీద పెట్టొద్దు. కొత్త డెవలపర్ ఉన్నప్పుడు ఏమీ కాకపోవచ్చు. కానీ నాలుగు ప్రింట్లు చేసినంక దాంట్ల కరిగిన ప్లాటినం, దాంతోటి కలిపి పూసే ఇంకో లోహం పల్లాడియం ఉంటయి, అవి గిన్నెకు పట్టుకుంటయి. గాజు జగ్గుల పోసి, ఆ జగ్గును వేడినీళ్ల గిన్నెల నిలబెట్టండి.

ఇగ వేడి. పుస్తకం తెరిస్తే ఏముంటది? గది ఉష్ణోగ్రత, 20 డిగ్రీలు. ఏ గది అది? మే నెలల మన గది 38, 40. మహబూబ్‌నగర్ వైపు అయినా అంతే. జనవరి పొద్దుగాల అదే గది 18. ఒకే మాట, ఇరవై డిగ్రీల తేడా. వేడి పెరిగితే మూడు జరుగుతయి. రంగు గోధుమ వైపు వెచ్చబడుతది, స్పీడు పెరుగుతది అంటే తక్కువ ఎక్స్‌పోజర్‌కే నలుపు వస్తది, కాంట్రాస్ట్ కొంచెం తగ్గుతది. చల్లబడితే తిరుగు వరుస. కాబట్టి జనవరిల తయారుచేసుకున్న ఎక్స్‌పోజర్ టేబుల్ మే నెలల పనికిరాదు. మీ నెగెటివ్ తప్పేం లేదు.

ఏ వేడి మంచిది అంటే, నా సలహా ఒక్కటే. 40 డిగ్రీలు పెట్టుకోండి, ఏడాది పొడుగునా అదే. ఎందుకు? 20 పెట్టుకున్నోళ్లు మన దగ్గర ఎనిమిది నెలలు ఐసు కొనాలె. 40 అయితే ఎండాకాలం దాదాపు బాటిల్ల ఉన్నట్టే ఉంటది, చలికాలం వేడినీళ్లల్ల పెడితే పది నిమిషాలల్ల వస్తది. వేడి చేసుడు తేలిక, చల్లార్చుడే కష్టం. ప్లాటినం ఎక్కువ పెట్టెటోళ్లకు ఇంకో లాభం ఉన్నది. ప్లాటినం లవణం పల్లాడియం కంటే చాలా మెల్లగ స్పందిస్తది, వేడి దానికి ఆసరా. విలియం విల్లిస్ 1873ల పేటెంటు తీసుకున్న మొదటి పద్ధతి కూడా వేడి ఆక్సలేట్ తోటే. 60 దాటించకండి, ఆవిరి తోటి తుంపరలు ముక్కుల పోతయి. థర్మామీటర్ గాజుదే, ట్రేల ముంచి చూడండి. జగ్గుల 40 ఉన్నది చల్లటి ట్రేల పొయ్యంగనే 34 అయితది. ట్రేను కూడా ముందుగాల వేడినీళ్లతోటి కడిగి పెట్టుకోండి.

పోసుడు గురించి రెండు మాటలు. ప్రింటును ఖాళీ ట్రేల ముఖం పైకి పెట్టండి. 8×10 అంగుళాల ప్రింటుకు కనీసం అర లీటరు డెవలపర్. ఒక్క ఊపుల, ఆగకుండ, మొత్తం కాగితం మీదుగ పారాలె. ఎందుకంటే డెవలపర్ తగిలిన క్షణంలనే బొమ్మ వస్తది. చెయ్యి ఒక్క సెకను ఆగిందనుకోండి, ఆగిన చోట గీత పడుతది. ఆ గీత తర్వాత ఏం చేసినా పోదు. పానగల్లు ఛాయా సోమేశ్వర గుడిల నీడ కదలకుండ నిలబడ్డట్టు నిలబడుతది. సన్నమూతి జగ్గు తోటి పొయ్యకండి, వెడల్పు మూతిది కావాలె. కొత్తోళ్లు ముందు ఉత్త నీళ్లతోటి పది సార్లు పోసి చూడండి. ఊకెనే అనుకోకండి.

పీహెచ్. కొత్త పొటాషియం ఆక్సలేట్ కరిగిస్తే ఏడు నుంచి ఎనిమిది మధ్యల వస్తది. మనకు కావాల్సింది ఆరు, ఆరున్నర. ఏడు దాటితే ఏం నష్టం? ఇనుముకు క్షారం పడదు. కాగితంల మిగిలిన ఫెర్రిక్ ఇనుము క్షారంల ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అయితది, అంటే తుప్పే. పోగుల లోపల తుప్పు దిగితే ఆ పసుపు మరక మామూలు తొట్లకు లొంగదు. అందుకని 10 శాతం ఆక్సాలిక్ ఆసిడ్ ద్రావణం చిన్న సీసాల పెట్టుకోండి. లీటరు డెవలపర్‌కు 2 మి.లీ. పొయ్యండి, కలపండి, చూడండి. మళ్లీ 2. తొందరపడి నాలుగు కిందికి పోతే తెల్ల స్ఫటికాలు పడతయి, ఇందాక బకెట్‌ల చూసిన సగం దారి పొడి అదే. అప్పుడు చిటికెడు పొటాషియం కార్బొనేట్. 1 నుంచి 14 దాకా ఒకే పట్టీ మీద చూపించే కాగితాలు దీనికి పనికిరావు, ఆరుకూ ఏడుకూ రంగు తేడా తెల్వదు. 5 నుంచి 8 దాకా చూపే పట్టీలు తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. పాత డెవలపర్‌ను పారబోయొద్దు. పాలు తోడు పెట్టినట్టు, నిన్నటిది ఇవ్వాళ్టికి. దాంట్ల ప్రింట్ల నుంచి కడిగిపోయిన ప్లాటినం, పల్లాడియం ఉంటయి. పాతబడ్డ డెవలపర్ల నీడలు మెత్తగ, నిండుగ వస్తయి. కొత్త డెవలపర్ల మొదటి రెండు ప్రింట్లు ఎప్పుడూ జర తేడాగనే ఉంటయి, వాటిని లెక్కల పెట్టకండి. మరి ఎంత పొయ్యాలె రోజూ? కాగితం తాగినంత. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితం, 8×10 బరువే సుమారు 15 గ్రాములు, తాగేది కూడా దాదాపు అంతే. అంటే పది ప్రింట్లకు 150 మి.లీ. తగ్గుతది, అంతే కొత్తది పొయ్యండి. ఎండాకాలం మూత తీసి పెడితే ఆవిరై ఇంకా తగ్గుతది. ఆ తగ్గినదానికి డెవలపర్ కాదు, డిస్టిల్డ్ నీళ్లు. బాటిల్ మీద గీత పెట్టుకుంటే ఏది ఎందుకు తగ్గిందో తెలుస్తది.

బాటిల్ల రంగులు చూస్తే దాని ఆరోగ్యం చెప్పొచ్చు. ప్రింటు మీంచి దిగంగ కొంచెం నారింజ రంగు కనబడుతది, అది ఫెర్రస్. గాలి తగిలి ఫెర్రిక్ అయితది, అప్పుడు ఆకుపచ్చ. కొన్ని నెలలకు చలి రాత్రి పచ్చల లెక్క మెరిసే స్ఫటికాలు కడతయి. అది పొటాషియం ఫెర్రీ ఆక్సలేట్, అక్కరలేని ఇనుము. చల్లటి నీళ్లల్ల తక్కువ కరుగుతది, వేడిల బాగా కరుగుతది. అందుకని పొద్దుగాల, బాటిల్ చల్లగ ఉన్నప్పుడే వడకట్టి తీసెయ్యాలె. వేడి చేసినంక వడకడితే ఏం లాభం, అదంతా మళ్లీ కరిగి లోపలనే ఉంటది. తెల్ల సూదులు ఉంచుకోవాలె, ఆకుపచ్చవి తీసెయ్యాలె. కలిసి ఉంటే? ఆకుపచ్చవి చేతికి దొరికినన్ని ఏరి, మిగిలింది కరిగించండి. నిమ్మపండు పసుపు రంగు పొడి కనబడితే బాటిల్‌కు వెలుతురు తగిలిందని. ముదురు రంగు బాటిలో, బీరువానో చూసుకోండి. అడుగున నల్లటి మడ్డి ఉంటే అది లోహం. దాన్ని కదిపి పోస్తే ప్రింటు మీద మిరియం గింజల లెక్క నల్ల చుక్కలు. ప్రతి పని రోజు ముందు కాఫీ ఫిల్టర్ తోటి వడకట్టండి.

డైక్రోమేట్. దీన్ని తొందరగ ముగిస్తా. నెగెటివ్ మెత్తగ ఉంటే కాంట్రాస్ట్ పెంచెటందుకు డెవలపర్ల పొటాషియం డైక్రోమేట్ వేస్తరు. అది ఫెర్రస్‌ను మళ్లీ ఫెర్రిక్ చేస్తది. తెలుపుల దగ్గర ఫెర్రస్ కొంచెమే ఉంటది గనుక అక్కడ మొత్తం పోతది, నీడల్ల తట్టుకుంటది. 5 శాతం ద్రావణం లీటరుకు 1 మి.లీ. తోటి మొదలుపెట్టి, స్టెప్ వెడ్జ్, అంటే తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మెట్లుగ ఉన్న పరీక్ష పట్టీ, ప్రింటు చేసి చూస్తూ పెంచాలె. ఎక్స్‌పోజర్ కూడా పెరుగుతది. ఎక్కువైతే తెలుపులు సుద్ద గీకినట్టు గరుకైతయి. ఇంకో చిక్కు, డైక్రోమేట్ బాటిల్ల ఉన్నదున్నట్టు ఉండదు, ఆక్సలేట్ తోటీ, ఇనుము తోటీ ఖర్చైపోతది. పోయిన నెల బలం ఈ నెల లేదు. పైగా క్యాన్సర్ కారకం. డిజిటల్ నెగెటివ్ చేసేటోళ్లు కంప్యూటర్ల కర్వ్ మార్చుకోవచ్చు, డైక్రోమేట్ ముట్టనే వద్దు. పాత ఫిల్ము నెగెటివ్‌లు ఉన్నోళ్లు వేరే బాటిల్ పెట్టి, పెద్ద అక్షరాలతోటి రాసి పెట్టుకోండి.

తెలుపుల మీద పొగ కమ్మినట్టు వస్తే డెవలపర్‌ను తిట్టకముందు ఒక పరీక్ష చెయ్యండి. మీ ఫెర్రిక్ ఆక్సలేట్ చుక్క ఒక కాగితం మీద వేసి, పక్కన 1 శాతం పొటాషియం ఫెర్రిసైనైడ్ చుక్క వేసి కలపండి. నీలం వచ్చిందా? మీ ఫెర్రిక్‌ల ఇప్పటికే ఫెర్రస్ ఉన్నది, సీసా పాతబడ్డది. మన ఎండలకు ఫ్రిజ్ బయట పెడితే ఇది తొందరగ జరుగుతది. నీలం రాకపోతే, కోటింగ్ వేసి వెలుతురు చూపించని చిన్న ముక్కను డెవలపర్ల ముంచి క్లియర్ చెయ్యండి, అంటే మిగిలిన ఇనుము కడిగెయ్యండి. తెల్లగ వచ్చిందా, డెవలపర్ నిర్దోషి. మీ గదిల ట్యూబ్‌లైటో, తలుపు సందో చూసుకోండి.

ఆక్సలేట్‌కు బదులు వాడే ఇంకో డెవలపర్, అమ్మోనియం సిట్రేట్ గురించి అడిగిండ్రు పొద్దున. డైఅమోనియం సిట్రేట్ 25 శాతం. ఆక్సలేట్ కంటే విషం తక్కువ, పల్లాడియం తోటి రంగు జర చల్లగ వస్తది, క్లియరింగ్ తేలిక. స్పీడు కొంచెం తక్కువ. అమ్మోనియా వాసన గుప్పుమంటే పీహెచ్ పెరిగిందని, నిమ్మ ఉప్పు వెయ్యండి. వానకాలం బూజు పడుతది, వడకట్టాలె. ఉత్త ప్లాటినానికి మాత్రం వేడి ఆక్సలేటే.

క్లియరింగ్ మొత్తం ఇవ్వాళ చెప్పను, కానీ డెవలపర్ నుంచి తీసినంక మొదటి తొట్టి సంగతి చెప్పకుంటే ఇందాక చెప్పిందంతా వృథా. ప్రింటు తియ్యంగనే నల్లా కింద పెడతరు. ఆ నీళ్ల పీహెచ్ ఎనిమిది, దాంట్ల కాల్షియం. రెండు దెబ్బలు ఒక్కసారే, పోగులల్ల తుప్పు, పైన కాల్షియం ఆక్సలేట్. మొదటి తొట్టి ఆర్వో నీళ్లల్ల లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు, 5 నిమిషాలు. తర్వాత ఇనుమును పట్టుకొని బయటికి తెచ్చే టెట్రాసోడియం ఈడీటీఏ 5 శాతం, రెండు తొట్లు, పదేసి నిమిషాలు. వరుస మార్చొద్దు, టెట్రాసోడియంది క్షారం. గట్టి నీళ్లు ఈడీటీఏను తినేస్తయని భయపెడతరు, అది ఉత్తదే. 400 కఠినత్వం ఉన్న నీళ్లు కూడా ఆ తొట్టిల నాలుగు శాతం కంటే ఎక్కువ ఖర్చు చెయ్యవు. చివరి అరగంట కడుగుడు బోరు నీళ్లతోటైనా సరే, అప్పటికి ఇనుము, ఆక్సలేట్ రెండూ పోయి ఉంటయి.

ప్రశ్నలు అడగండి. ఆఁ, ఆ మూలకు.

పాత బాటిల్ ఒకటి ఉన్నది, ముదురు ఆకుపచ్చగ, దాదాపు నల్లగ అయింది, వాడొచ్చా అంటున్నరు. వాడొచ్చు. చల్లటి పొద్దున వడకట్టండి, పీహెచ్ ఆరు పైకి తెచ్చుకోండి, ఒక స్టెప్ వెడ్జ్ చెయ్యండి. నలుపు తగ్గితే సగం తీసి సగం కొత్తది కలపండి. దాంట్ల డైక్రోమేట్ ఎప్పుడన్నా పడ్డదా అన్నది గుర్తు లేకపోతే మాత్రం ఆ వెడ్జ్ చేసేదాక మంచి నెగెటివ్ పెట్టకండి.

ఆ అమ్మ అడిగింది మంచి ప్రశ్న. తీసేసిన సగం ఎక్కడ పొయ్యాలె? మోరీల పొయ్యొద్దు. సున్నం నీళ్లు కలపండి, ఆక్సలేట్ మొత్తం కాల్షియం ఆక్సలేట్ అయి తెల్లగ అడుగుకు దిగుతది, ఇనుము కూడా దాంతోటే. ఒక రోజు ఆగి వడకట్టండి. డైక్రోమేట్ పడ్డ డెవలపర్‌కు ఇది సరిపోదు, అది వేరే డబ్బాల మూసిపెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి పంపాలె. ఇగ వడకట్టిన కాఫీ ఫిల్టర్లు, నల్ల మడ్డి పట్టినయి, చెత్తల వెయ్యకండి. ఎండబెట్టి సీసాల దాచండి, ప్లాటినం, పల్లాడియం శుద్ధి చేసేటోళ్లు తీసుకుంటరు.

టీ వచ్చినట్టుంది. తాగి ట్రేల దగ్గరికి రండి. గ్లవ్స్ ఆ డబ్బాల ఉన్నయి. గ్లాసులు ఇక్కడ్నే పెట్టి రండి, లోపలికి తేవద్దు.